గోకూ, జోటారో, కెన్షిరో ఒకే బొమ్మలో ఎందుకు అతకడం లేదు? ఫైటింగ్ గేమ్ తరహా క్రాసోవర్ గీసేవాళ్లు చెప్పండి

గీతలగోల:

అందరికీ నమస్తే. ఫైటింగ్ గేమ్‌లో మ్యాచ్ మొదలయ్యే ముందు వీఎస్ స్క్రీన్ వస్తుంది కదా, ఎడమ పక్క ఒక జట్టు, కుడి పక్క ఒక జట్టు, మధ్యలో మెరుపు గీత, ఆ తరహాలో ఒక పెద్ద బొమ్మ మొదలుపెట్టాను. వేరు వేరు మాంగాల (జపాన్ కామిక్స్) హీరోల్ని కలిపే క్రాసోవర్ అన్నమాట. ఒక పక్క డ్రాగన్ బాల్ గోకూ, వన్ పీస్ లూఫీ, నరుటో. ఎదురుగా జోజో కథలోని జోటారో, హోకుతో నో కెన్ హీరో కెన్షిరో, మూడో పాత్ర ఎవరో ఇంకా తేల్చుకోలేదు. విడివిడిగా గీసినప్పుడు అందరూ బాగానే వచ్చారు. ఒకే కాన్వాస్ మీదికి తెచ్చేసరికి ఐదు వేరు వేరు పోస్టర్లు కత్తిరించి అతికించినట్టు ఉంది. రంగులు దగ్గరగా తెచ్చి చూశా, వెనక అందరికీ ఒకే మంట పెట్టి చూశా, ఊహూ, ఎవరి గోల వాళ్లదే.

విసుగొచ్చి అనిమే ఫైటింగ్ గేములు ఒక్కొక్కటీ తీసి స్క్రీన్‌షాట్లు పోల్చుకుంటూ కూర్చున్నా. అక్కడ అసలు అనుమానం వచ్చింది. డ్రాగన్ బాల్ ఫైటర్జ్ 2018 జనవరిలో వచ్చింది, జంప్ ఫోర్స్ 2019 ఫిబ్రవరిలో. రెండూ అన్‌రియల్ ఇంజన్ 4 మీదే చేశారు, రెండూ బందాయ్ నామ్కో విడుదల చేసినవే. మొదటిది చూస్తే అనిమేనే మన చేతికి ఇచ్చినట్టు ఉంటుంది. రెండోదాంట్లో గోకూ, లూఫీ, నరుటో ముగ్గురూ పక్కపక్కన నిలబడితే మైనపు బొమ్మల్లా ఉన్నారు. నా బొమ్మకీ అదే జబ్బేమో అని టెన్షన్ పట్టుకుంది.

అందుకే అడుగుతున్నా. అందర్నీ ఒకే స్టైల్లోకి మార్చాలా, లేక ఎవరి మాంగా గీత వాళ్లకే ఉంచాలా? ఎత్తులు అసలు లెక్కల ప్రకారమే పెట్టాలా? ఇంకోటి, ఇది పూర్తయ్యాక ప్రింట్లు వేసి అమ్మమని ఒకరిద్దరు అంటున్నారు, దాని సంగతి కూడా తెలిసినవాళ్లు చెబితే బాగుంటుంది.

నిలువుగుద్దు:

ఇంజన్ ఒకటే అయినంత మాత్రాన ఏం కాదండీ, దానితో ఎవరు ఏం చేశారన్నదే లెక్క. ఫైటర్జ్ చేసింది ఆర్క్ సిస్టమ్ వర్క్స్. వాళ్లు ఈ పద్ధతిని 2014లో వచ్చిన గిల్టీ గియర్ ఎక్స్ఆర్‌డీతోనే పట్టుకున్నారు, అది ఇంకా పాత అన్‌రియల్ 3 మీద చేసిన గేమ్. ఆ టీమ్‌లోని జున్యా మోటోమురా 2015 గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో ఆ గుట్టంతా విప్పి చెప్పారు. ఆ ప్రసంగం వీడియో దొరుకుతుంది, గేములు ముట్టనివాళ్లు కూడా, బొమ్మలు గీస్తే చాలు, ఒకసారి చూడాలి.

అందులో మీకు పనికొచ్చేది ముందు వెలుగు సంగతి. ఆ గేములో మైదానంలో ఉన్న వెలుగు పాత్ర మీద పడదు. ఒక్కో పాత్రకీ సొంత లైటు ఉంటుంది, ఈ పోజులో నీడ ఏ పక్క పడితే ముఖం బాగుంటుందో చూసి యానిమేటర్ దాన్ని అటు తిప్పుకుంటాడు. నీడ అంచు కూడా మెత్తగా కరగదు, కత్తితో కోసినట్టు ఉంటుంది. మోడల్ మీద వెలుగు ఎలా పడాలో నిర్ణయించే నార్మల్స్‌ని చేత్తో కూర్చుని సరిదిద్దారు, లేకపోతే ముక్కు పక్కన, బుగ్గ కింద చిల్లర నీడలు పడి ఇది 3డీ అని ఇట్టే తెలిసిపోతుంది. కదలిక కూడా అంతే. స్క్రీన్ సెకనుకి 60 ఫ్రేములు నడుస్తున్నా పోజు మాత్రం కొన్ని ఫ్రేముల పాటు అలాగే నిలబడి ఠక్కున మారుతుంది, మధ్యలో కంప్యూటర్ మెత్తగా జరపదు. గుద్దు కెమెరా వైపు వస్తుంటే పిడికిలిని నిజంగానే పెద్దది చేసేస్తారు. అంటే 3డీలో ఉన్న నిజాన్ని పద్ధతిగా చెరిపేసి, చేత్తో గీసేవాడు ఆడే అబద్ధాలన్నీ తిరిగి పెట్టారన్నమాట.

జంప్ ఫోర్స్ దీనికి పూర్తిగా ఎదురు దారి. వీక్లీ షోనెన్ జంప్ అనే మాంగా పత్రిక 50 ఏళ్ల సందర్భంగా చేసిన గేమ్ కాబట్టి ఘనంగా ఉండాలనుకున్నారు, హీరోలు మన ప్రపంచంలోకి వస్తే ఎలా ఉంటారు అన్న కథ కాబట్టి న్యూయార్క్ లాంటి నిజం ఊళ్లలో నిలబెట్టారు. చర్మానికి మెరుపు, బట్టకి నేత, కండకి నిజమైన నీడ ఇచ్చారు. కళ్లూ జుట్టూ మాత్రం మాంగావే. గొడవ అక్కడే. గోకూ తలమీద ఉన్నది వెంట్రుకలు కాదు, ఒక ఆకారం. దానికి వెంట్రుకల మెరుపు అద్దితే ప్లాస్టిక్ విగ్గు అయిపోతుంది. లూఫీ కళ్లు రెండు చుక్కలు, దాని చుట్టూ నిజమైన కనురెప్ప పెడితే చూడటానికే భయం.

కాబట్టి నా మాట, ఒకే చెయ్యి అందర్నీ గీసినట్టు ఉండాలి. అందరికీ వెలుగు ఒకే దిక్కు నుంచి, ఒకే రకం నీడ అంచు, ఒంటి రంగుకి ఎన్ని మెట్లు వాడితే అందరికీ అన్నే. ముఖ్యంగా గీత మందం. చాలామంది ఒక్కొక్కర్నీ వేరే ఫైల్లో గీసి తర్వాత సైజు తగ్గించి పెంచి పెడతారు, దాంతో ఒకడి గీత సన్నగా, ఇంకొకడిది లావుగా అయిపోతుంది. మీది అతికించినట్టు ఉండటానికి సగం కారణం అదే అయ్యుంటుంది, ముందు అది చూడండి.

కోమాడెక్:

పైన చెప్పిన టెక్నిక్ అంతా నిజమే కానీ చివరికి తేల్చింది నాకు నచ్చలేదు. ఫైటర్జ్‌లో అందరూ ఒకే కథవాళ్లు, అందర్నీ గీసింది ఒక్క తోరియామా, అక్కడ ఒకే చెయ్యి అనడంలో గొప్పేముంది. క్రాసోవర్ అంటే వేరు వేరు చేతులు కలవడం. అందరికీ ఒకే ముక్కు, ఒకే గడ్డం, ఒకే నీడ ఇచ్చేస్తే అది ఒకే మనిషి ఐదు వేషాలు కట్టినట్టు ఉంటుంది, ఫ్యాన్ ఆర్ట్‌లో నూటికి తొంభై ఇలాంటివే. టోపీ తీసేస్తే జోటారో ఎవరో తెలియదు.

నింటెండో డీఎస్ మీద గాన్‌బారియన్ వాళ్లు జంప్ సూపర్ స్టార్స్ 2005లో, జంప్ అల్టిమేట్ స్టార్స్ 2006లో చేశారు. జపాన్ దాటి రాలేదు, అందుకని చాలామందికి తెలియదు. క్రాసోవర్ ఎలా చేయాలో నాకు వాటికంటే బాగా ఎవరూ చెప్పలేదు. పై తెర మీద చిన్న పిక్సెల్ పాత్రలు కొట్టుకుంటాయి, వాటన్నిటిదీ ఒకే కొలత, ఒకే గీత. కింది తెర మీద మాత్రం అసలు మాంగా గళ్లే ఉంటాయి, కోమా అంటారు, వాటిని డెక్‌లా పేర్చుకుని ఆడాలి. చిన్న గడి అయితే ఊరికే బలం ఇస్తుంది, కొంచెం పెద్దదయితే ఆ పాత్ర వచ్చి ఒక దెబ్బ కొట్టి పోతుంది, ఇంకా పెద్ద గడి అయితే ఆ హీరోతోనే ఆడొచ్చు. గడిని తాకితే పాత్ర మారిపోతుంది. అంటే ఆడుతున్నంతసేపూ ఒక్కొక్కరి అసలు గీత మన వేలి కింద ఉంటుంది. కథలు నలభై దాటి ఉన్నా ఒక్కడూ గుంపులో కరిగిపోలేదు.

అంతెందుకు, తోరియామా, లూఫీని సృష్టించిన ఓడా కలిసి చేసిన క్రాస్ ఎపోక్ చూడండి, 2006 చివర్లో జంప్‌లో వచ్చిన చిన్న మాంగా. డ్రాగన్ బాల్‌లోని డ్రాగన్ షెన్రాన్ టీ పార్టీకి పిలిస్తే రెండు కథల వాళ్లూ బయల్దేరతారు, అంతే కథ. ఇద్దరి చేతులూ పేజీలో తెలిసిపోతుంటాయి, ఎక్కడా గుచ్చుకోదు. ఎందుకంటే ఇద్దరి మధ్యా బొమ్మకంటే ముందు ఒకే రకం అల్లరి ఉంది.

మీ బొమ్మకి నేను చెప్పేది ఇదీ. కెన్షిరోకి అతన్ని గీసిన తెత్సువో హారా కండల గీతలు అలాగే వదిలేయండి, సన్నటి గీతల గుంపులతో వేసిన నీడతో సహా. జోటారోకి జోజో గీసిన అరాకి నల్లటి ముద్ద నీడలు ఉంచండి. లూఫీకి ఏ నీడా వద్దు. కలిపేది గీత కాదు, వాళ్ల మధ్య జరుగుతున్న పని. అందరూ కెమెరా వైపు చూస్తూ నిలబడితే ఎంత బాగా గీసినా అతికించినట్టే ఉంటుంది. ఒకడు ఇంకొకడి గుద్దుని పట్టుకోవాలి, ఒకడి మంట వెలుగు ఇంకొకడి దవడ మీద పడాలి.

గీతలగోల:

ఇద్దరి మాటా నిజంలాగే ఉంది, ఇప్పుడు ఇంకా ఇరుక్కున్నా. గీత మందం సంగతి చూశా, నిలువుగుద్దు గారు అన్నట్టే కెన్షిరోని పెద్దది చేసి పెట్టాను, గీత ఉబ్బిపోయి ఉంది. అది సరిచేస్తున్నా.

ఎత్తుల దగ్గర ఇంకో చిక్కు. లెక్క ప్రకారం గోకూ 175 సెంటీమీటర్లు, లూఫీ 174, షిప్పూడెన్ నాటి (కథ రెండో భాగంలోని) నరుటో 166, జోటారో 195, కెన్షిరో 185. ఇవి అలాగే పెడితే ఎడమ పక్క ముగ్గురూ బడిపిల్లల్లా, కుడి పక్క ఇద్దరూ వాళ్లని దబాయించడానికి వచ్చిన పెద్దవాళ్లలా ఉన్నారు. గోకూ తల జోటారో గడ్డం దగ్గరికి వస్తోంది. గోకూని అలా చూడలేకపోతున్నా.

ఫ్రేమ్‌లెక్క:

నేను గీయను, ఆడతాను. అయినా ఒక మాట చెప్పొచ్చు అనుకుంటున్నా. మీరు ముగ్గురూ స్క్రీన్‌షాట్ పట్టుకుని మాట్లాడుతున్నారు, గేములో పాత్ర గుర్తుపట్టేది ముఖం చూసి కాదు. మ్యాచ్ మధ్యలో ముఖం చూసే తీరిక ఎవరికీ ఉండదు. నిలబడే తీరు, దెబ్బకి ముందు భుజం ఎటు వంగింది, దెబ్బ తప్పాక ఎంతసేపు తెరుచుకుని ఉన్నాడు, ఇవే కళ్లకి ఆనేవి. పాత్రని మొత్తం నల్లగా నింపేసినా ఎవరో తెలియాలి. మీ ఐదుగుర్నీ అలా నల్లగా నింపి చూడండి, ఇద్దరు ఒకేలా కనిపిస్తే రంగులతో ఆ తప్పు పోదు.

మంచి అనిమే ఫైటింగ్ గేమ్ అంటే నాకు కథలోని నియమం బటన్ల కిందికి రావడం. 2005లో ఆర్కేడ్‌కి వచ్చిన హోకుతో నో కెన్ ఉంది, అదీ ఆర్క్ సిస్టమ్ వర్క్స్‌దే. అందులో లైఫ్ బార్‌తో పాటు ఏడు నక్షత్రాలు ఉంటాయి. కొన్ని దెబ్బలు ఆ నక్షత్రాలు ఊడగొడతాయి. ఏడూ పోతే చావు నక్షత్రం కనిపిస్తుంది, ఆ తర్వాత ఫేటల్ కేఓ పడిందంటే రౌండు అక్కడికక్కడే సరి. మాంగాలో ఆ చుక్క కనబడిన వాడికి చావు ఖాయం కదా, అదే ఇక్కడ నియమం అయ్యింది. గేమ్‌గా చూస్తే తూకం తప్పిన గేమ్, గోడ దగ్గర ప్రత్యర్థిని బంతిలా నేలకేసి కొడుతూ చచ్చేదాకా దించకుండా ఉంచొచ్చు, జపాన్‌లో దానికి బాస్కెట్ అని పేరు కూడా పెట్టారు. అయినా దాన్ని వదలని ఆటగాళ్లు ఉన్నారు. కాప్‌కామ్ 1998లో చేసిన జోజో గేమ్‌లో విలన్ డియో కాలం ఆపితే అందరూ బిగుసుకుపోతారు, జోటారో మాత్రం అందులోనే కదలగలడు. అది చూసినప్పుడు వచ్చే కిక్కు ఏ గ్రాఫిక్స్‌తోనూ రాదు.

ఫైటర్జ్‌లో డ్రమాటిక్ ఫినిష్‌లు కూడా అంతే. కథలో తలపడిన ఇద్దరే ఎదురెదురుగా ఉండి, మ్యాచ్ సరైన దెబ్బతో ముగిస్తే ఆ పాత సీను కట్ చేసినట్టు వచ్చేస్తుంది. ఊరికే అందర్నీ వరసగా నిలబెట్టడం వేరు, వాళ్ల మధ్య లెక్క ఉండటం వేరు. ఈ మధ్య వచ్చే ఎరీనా గేముల్లో (పెద్ద మైదానంలో అటూ ఇటూ తిరుగుతూ కొట్టుకునేవి) నాకు కొరత అదే, ఏ హీరోని తీసుకున్నా అదే పరుగు, అదే నాలుగు గుద్దుల కాంబో, చివర్లో ఒక సినిమా. 2024లో వచ్చిన జుజుత్సు కైసెన్ కర్స్‌డ్ క్లాష్‌ని అందుకే ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, ఆ శక్తులన్నీ ఉండి కూడా. నేను కొంచెం కఠినంగా మాట్లాడుతున్నానేమో, నరుటో స్టార్మ్ సిరీస్ అభిమానులు తిట్టకండి, దాని బాస్ ఫైట్లంటే నాకూ ఇష్టమే.

ఎత్తుల సంగతి అంటారా, గేములు ఎప్పుడూ మోసమే చేస్తాయి. తత్సునోకో వర్సెస్ కాప్‌కామ్‌లో గోల్డ్ లైటాన్ అని పెద్ద రోబో ఉంటాడు, వాడు తెరలో సగం నిండిపోతాడు కాబట్టి మిగతావాళ్లలా ఇద్దరి జట్టు కాకుండా ఒక్కడే ఒక జట్టు. అక్కడ ఎత్తే ఆట అయ్యింది. మిగతా చోట్ల తలలు ఒకే వరసకి దగ్గరగా తెచ్చేస్తారు, లేకపోతే సగం దెబ్బలు తల మీదుగా పోతాయి.

నిలువుగుద్దు:

నల్లగా నింపి చూడమన్నది మంచి మాట. ఎత్తులకి నా పద్ధతి ఇదీ: సెంటీమీటర్లు మర్చిపోండి, ఎవరు ఎవరికంటే ఎత్తు అన్న వరస మాత్రం తప్పకండి. జోటారో, కెన్షిరో, ఆ తర్వాత గోకూ లూఫీ దాదాపు సమానం, చివర నరుటో. తేడా సగానికి కుదించండి. పైగా వీఎస్ స్క్రీన్‌లో అందరూ ఒకే నేల మీద నిలబడాలని ఎవరన్నారు? గోకూ గాల్లో ఉంటాడు, నరుటో కిందికి వంగి ముందుకి దూకుతుంటాడు, లూఫీ చెయ్యి వెనక్కి సాగి ఫ్రేమ్ దాటిపోతుంది. పొట్టి అన్న మాటే రాదు. హారా కూడా మాంగాలో కొలతలు ఎప్పుడూ పట్టించుకోలేదు, భయం ఎక్కువైన గడిలో విలన్ ఇంటంత అవుతాడు, మరుసటి పేజీలో మనిషంత.

కోమాడెక్ గారూ, జోటారో నీడల గురించి మీరు అన్నది ఒప్పుకోను. ఆ నల్ల ముద్దలు నలుపు తెలుపు పేజీకి పుట్టినవి. వాటి పక్కన చదును రంగుల లూఫీని పెడితే ఒకడు రాత్రిలో, ఒకడు మిట్టమధ్యాహ్నం నిలబడ్డట్టు ఉంటుంది.

కోమాడెక్:

2013లో సైబర్‌కనెక్ట్2 చేసిన జోజో ఆల్ స్టార్ బాటిల్ చూసి అనండి ఆ మాట. 3డీ మోడళ్ల మీదే అరాకి గీతల నీడ వేశారు, మాంగాలో శబ్దానికి రాసే గోగోగో అక్షరాలు తెర మీద ఎగురుతాయి, రంగులు కథకి సంబంధం లేకుండా మారిపోతాయి, అన్నీ రంగుల్లోనే. 2022లో మళ్లీ ఆర్ అని వచ్చింది, అదైనా చూడండి. అక్కడ పనిచేసింది ఇక్కడ ఎందుకు చెయ్యదు?

నిలువుగుద్దు:

అక్కడ పనిచేసింది, ఎందుకంటే అక్కడ అందరూ జోజో వాళ్లే! మీరే కదా ఫైటర్జ్ గురించి ఆ మాట అన్నది.

కోమాడెక్:

సరే, అది మీకు. కానీ ఇంకొకటి ఆలోచించండి. డ్రాగన్ బాల్ 40 ఏళ్ల వైపు వెళ్తున్నప్పుడు 2021 నుంచి సైక్యో జంప్ పత్రికలో సూపర్ గ్యాలరీ అని నడిపారు, 42 సంపుటాల ముఖచిత్రాల్నీ నెలకొకటి చొప్పున వేరే వేరే మాంగా రచయితలు తిరగ గీశారు. నరుటో రచయిత కిషిమోతో గీసినదాన్ని చూస్తే గోకూ అని తెలుస్తుంది, కిషిమోతో అనీ తెలుస్తుంది. అంటే ఒకే చెయ్యి అన్నా కూడా ఆ చెయ్యి ఎవరిదో ఉండాలి. ఏ పక్కా చెందని చదును స్టైల్, అందరి నుంచీ కొంచెం కొంచెం తీసి సగటు చేసింది, దానితోనే నా గొడవ. గీతలగోల గారు అందర్నీ తన చేత్తో గీస్తే నాకే అభ్యంతరం లేదు.

పాతకాపు:

స్టైల్ గొడవ మీరు తేల్చుకోండి, అమ్మకం సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా.

ఇలాంటి క్రాసోవర్‌కి ఒక్క హక్కుదారు కాదు బాబూ, ఐదారుగురు. పెద్ద కంపెనీలకే ఇది తలనొప్పి. జంప్ ఫోర్స్‌నే తీసుకో, 2022 ఫిబ్రవరిలో డిజిటల్ అమ్మకం ఆపేశారు, అదే ఏడాది ఆగస్టులో ఆన్‌లైన్ సేవలు కూడా మూసేశారు, గేమ్ వచ్చి నాలుగేళ్లు కూడా నిండలేదు. తత్సునోకో వర్సెస్ కాప్‌కామ్ 2010లో జపాన్ బయటికి వచ్చినప్పుడు హకుషోన్ దైమావో అనే పాత్రని హక్కుల చిక్కు వల్ల తీసేశారు. ఇంత లాయర్ల బలం ఉన్నవాళ్లే ఇలా ఉంటే నువ్వు ప్రింట్లు వేసి అందరి పేర్లూ, అసలు లోగోలూ పెట్టి అమ్ముతానంటే ఎలా. గీసి ఉచితంగా పెట్టడాన్ని చాలామంది హక్కుదారులు చూసీ చూడనట్టు వదిలేస్తారు, డబ్బు చేతులు మారితే లెక్క మారుతుంది. ఒక్కొక్కరూ ఫ్యాన్ ఆర్ట్‌కి పెట్టుకున్న నియమాలు వేరుగా ఉంటాయి, అవి చదివి, అందరికంటే గట్టిగా ఉన్నవాడి నియమం మొత్తం బొమ్మకి వర్తిస్తుందనుకుని నడుచుకో.

అభిమానంతో మొదలుపెట్టి ఎటు పోవచ్చో రెండు దారులు చెప్తా. 1999లో ఎలెక్‌బైట్ వాళ్లు ముగెన్ అనే ఉచిత ఇంజన్ వదిలారు, ఎవరైనా ఏ పాత్రనైనా చేసి అందులో పడెయ్యొచ్చు. మీరు పైన కొట్టుకుంటున్న స్టైల్ గొడవంతా అక్కడ ఎప్పుడో చూశాం. ఒక పాత్ర ముతక పిక్సెళ్లలో, ఇంకొకటి నున్నగా, ఒకడు ఇంకొకడి మోకాలంత. అందుకే హైపర్ డ్రాగన్ బాల్ జీ అనే ఫ్యాన్ గేమ్ చేసినవాళ్లు పాత గేముల నుంచి బొమ్మలు ఎత్తుకోకుండా అందర్నీ మొదటి నుంచీ కాప్‌కామ్ తరహా పిక్సెళ్లలో గీశారు. చూడటానికి అసలు గేములకి తీసిపోదు.

రెండో దారి ఫ్రెంచ్ బ్రెడ్ వాళ్లది. వాతానాబే సేసకుషో అనే డౌజిన్ (సొంతంగా చేసి అమ్ముకునే అభిమానుల) బృందంగా ఉన్నప్పుడు విజువల్ నవలల (బొమ్మలతో చదువుకునే గేముల) హీరోయిన్లతో క్వీన్ ఆఫ్ హార్ట్ అనే ఫైటింగ్ గేమ్ చేశారు, పూర్తిగా అభిమానుల పని. ఆ తర్వాత టైప్-మూన్ అనే ఇంకో డౌజిన్ బృందంతో కలిసి మెల్టీ బ్లడ్ అనే ఫైటింగ్ గేమ్ చేసి 2002 డిసెంబర్‌లో కామికెట్ అనే డౌజిన్ సంతలో అమ్మారు. అది ఆర్కేడ్లకి ఎక్కింది. 2014లో దెంగెకి బుంకో నవలల హీరోలందరినీ కలిపిన ఫైటింగ్ క్లైమాక్స్ గేమ్‌ని సేగా వాళ్లకి చేసిపెట్టింది ఈ ఫ్రెంచ్ బ్రెడ్డే. ఫ్యాన్ క్రాసోవర్ చేసినవాళ్ల చేతికే అసలు క్రాసోవర్ వచ్చింది.

అందరికీ అలా జరగదులే. మై లిటిల్ పోనీ మీద ఫైటింగ్ ఈజ్ మ్యాజిక్ అని ఒక ఫ్యాన్ గేమ్ దాదాపు తయారయ్యాక 2013లో హాస్‌బ్రో ఆపమని నోటీసు ఇచ్చింది. వాళ్లు ఆట ఉంచుకుని పాత్రలు వదిలేశారు, ఆ పోనీల సిరీస్‌ని తీర్చిదిద్దిన లారెన్ ఫాస్ట్ కొత్త పాత్రలు గీసిచ్చింది, దెమ్స్ ఫైటిన్ హెర్డ్స్ అని 2020లో పూర్తి గేమ్‌గా వచ్చింది. కాబట్టి అమ్మాలని గట్టిగా ఉంటే, ఈ వీఎస్ బొమ్మ అమ్మకు. ఇదే పోజులు, ఇదే కూర్పు పెట్టుకుని నీ సొంత ఆరుగురు పాత్రలతో ఇంకోటి గియ్యి, అది నిశ్చింతగా అమ్ముకో.

ఇంకో మాట, ఐదుగురిలో ఒక్క ఆడమనిషి లేదేంటి?

ఫ్రేమ్‌లెక్క:

అదే నేనూ అందామనుకుని మర్చిపోయా. ఆరో పాత్రకి సెయిలర్ మూన్ కథలోని సెయిలర్ యురేనస్‌ని పెట్టండి. నవ్వకండి, సెయిలర్ మూన్ ఎస్ ఫైటింగ్ గేమ్ 1994లో నింటెండో సూపర్ ఫామికామ్ మీద వచ్చింది, చేసింది ఎవరో తెలుసా, ఇదే ఆర్క్ సిస్టమ్ వర్క్స్. గిల్టీ గియర్ కంటే ముందు. పాయింట్లు పంచుకుని పాత్ర బలాలు మార్చుకునే ఏర్పాటు కూడా ఉంది, ఇప్పటికీ సరదాగా టోర్నమెంట్లు ఆడేవాళ్లున్నారు. యురేనస్ నిలువెత్తు మనిషి, కాళ్లు పొడుగు, నల్లగా నింపినా ఆ పొట్టి స్కర్టు, వెనక రిబ్బను ఆకారంతో ఎవరూ పొరబడరు.

నిలువుగుద్దు:

గీతకి మాత్రం గట్టి పరీక్షే. సెయిలర్ మూన్ గీసిన తాకెఉచి గీత దారప్పోగంత సన్నం, ఒంటి మీద నీడే ఉండదు. పక్కన హారా కెన్షిరో. వీళ్లిద్దరూ ఒకే జట్టులో కుదిరారంటే మిగతా నలుగురూ వాళ్లంతట వాళ్లే కుదురుతారు. ముందు ఈ ఇద్దర్నే ఒక చిన్న కాన్వాస్ మీద, రంగు లేకుండా, ఒకే బ్రష్‌తో గీసి చూడండి.

గీతలగోల:

అందరికీ థాంక్స్. ఐదుగుర్నీ నల్లగా నింపి చూశా, గోకూ, నరుటో ఇద్దరూ కాళ్లు ఎడంగా పెట్టి పిడికిళ్లు బిగించి అచ్చం ఒకేలా ఉన్నారు, జుట్టు చూసి గుర్తుపట్టాల్సి వస్తోంది. నరుటోని కిందికి వంచి చేతులు వెనక్కి పెట్టి పరుగులో మారుస్తున్నా, గోకూని గాల్లోకి లేపుతున్నా. గీతకి ప్రస్తుతానికి ఇలా అనుకుంటున్నా: బయటి గీత అందరికీ నాదే, ఒకే మందం, రంగులకి రెండే మెట్లు. లోపలి నీడ గీతలు మాత్రం ఎవరివి వాళ్లకి, కెన్షిరోకి సన్నగీతలు, జోటారోకి నలుపు, కానీ ఆ నలుపుని ముదురు నీలంలోకి మార్చి లూఫీ చొక్కా నీడకి కూడా అదే నీలం వాడతా. అప్పుడు రాత్రీ పగలూ గొడవ తగ్గుతుందేమో.

ప్రింట్లు వద్దులెండి, ఊరికే పెడతా. యురేనస్, కెన్షిరోల జోడీ పెన్సిల్ స్కెచ్ రేపు ఇక్కడే పెడతాను. ఆమె కత్తి కెన్షిరో మెడ ముందు నుంచి పోవాలా, వెనక నుంచా అన్నది అది చూసి చెప్పండి, ముందు నుంచి పెడితే ఛాతీ మీది ఏడు మచ్చల్లో రెండు కనబడకుండా పోతున్నాయి.

పాతకాపు:

వెనక నుంచే పెట్టు. మచ్చలు ఏడూ కనబడకపోతే కింద వచ్చే వ్యాఖ్యలన్నీ దాని మీదే ఉంటాయి.